వెనక సీట్లో భర్త

"రేపు నీ భార్యనీ, ఆమె భర్తనీ పిక్నిక్‌కి తీసుకెళ్ళాలి," అన్నాడు ఆనందరావు.

అమర్ ముఖంలో ఏ మార్పూ లేదు. గూఢచారికి మొదట నేర్పే విద్య అదే. కాకపోతే బల్ల కింద అతని కుడికాలు అదేపనిగా ఊగుతోంది. ఆ విద్య కాళ్ళకి కూడా నేర్పాలని విభాగంలో ఎవరికీ తోచలేదు.

దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో టైలర్ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఆ టైపింగ్ సెంటర్‌కి రోజూ వందమంది వస్తారు. వీసా ఫారాలు, అరబ్బీ అర్జీలు టైప్ చేయించుకుని పోతారు. వెనక గదిలో కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని కూర్చునే బట్టతల పెద్దమనిషి గల్ఫ్‌లో మన రహస్య విభాగానికి చీఫ్ అన్న సంగతి బయటివాళ్ళలో ఇద్దరు కతార్ భద్రతా అధికారులకి మాత్రమే తెలుసు. ఈ ఆపరేషన్ ఆ రెండు పక్షాలూ కలిసి చేస్తున్నదే.

ఆనందరావు బల్ల మీద మ్యాప్ పరిచి, పెన్నుతో పై కొసన ఒక చుక్క పెట్టాడు.

"అల్ రువైస్. ఉత్తరాన చిట్టచివరి ఊరు. చేపల రేవు, పాత మసీదు, సముద్రం ఒడ్డున నాలుగు సిమెంటు బల్లలు. జనవరిలో చల్లగాలి వీస్తుంది కాబట్టి శుక్రవారం పూట దోహా నుంచి కుటుంబాలు క్యారియర్లు పట్టుకుని వెళ్తుంటాయి. ఎవరికీ అనుమానం రాదు."

"తెలుసు సర్. మనోజ్ఞ చెప్పింది."

అసలు మంట అక్కడే ఉంది. దోహాలో దిగిన కొత్తలో మనోజ్ఞ ఫోన్‌లో చెప్పిన మొదటి సంగతి ఆ ఊరి గురించే. మా భీమిలి లాగే ఉందట అమర్, కొబ్బరిచెట్లు లేవంతే, నువ్వు వచ్చాక ముందు అక్కడికే వెళ్దాం, అప్పటిదాకా నేను కూడా వెళ్ళను అంది. ఆమె మాట మీద నిలబడింది. పద్నాలుగు నెలలుగా ఆ ఊరి పొలిమేర తొక్కలేదు. రేపు తొక్కబోతోంది, నితీష్‌తో కలిసి.

అమర్‌కీ మనోజ్ఞకీ పెళ్ళయి ఎనిమిదేళ్ళయింది. ఇద్దరూ విభాగం మనుషులే. ఆమెని దోహా పంపాల్సి వచ్చినప్పుడు అమర్ నైరోబీలో ఇంకో పనిలో ఇరుక్కుని ఉన్నాడు. కవర్ స్టోరీకి భర్త కావాలి. నితీష్ ఖాళీగా ఉన్నాడు. అంతే, కాగితాల మీద నితీష్ భర్త అయ్యాడు, అల్ వుకైర్‌లో విల్లా వచ్చింది. మూడు నెలల కిందట అసలు భర్త 'హౌస్ డ్రైవర్' వీసా మీద దిగాడు. అతనికి అల్ దోహా అల్ జదీదాలో నలుగురుండే గదిలో ఒక బెడ్‌స్పేస్ దక్కింది. అమర్, మనోజ్ఞ దంపతులన్న సంగతి ఆనందరావు ఒక్కడికే తెలుసు. ఒకరు పట్టుబడితే వాళ్ళని అడ్డం పెట్టుకుని రెండోవారి నోరు విప్పిస్తారని ఆయన భయం. అందుచేత నితీష్‌కి కూడా చెప్పలేదు. అతని దృష్టిలో అమర్ విభాగం పెట్టిన వట్టి డ్రైవరు.

"బ్రీఫింగ్ విను," అన్నాడు ఆనందరావు. "స్టార్లింగ్ ముఠా. మన నౌకలు ఏ దారిన, ఏ వేళకి వెళ్తాయో కనిపెట్టి శత్రువులకి చేరవేసే విదేశీ ముఠా. షిప్పింగ్ ఆఫీసులో పనిచేసే మనోజ్ఞ తమకి అమ్ముడుపోయిందనుకుంటున్నారు. వాళ్ళకి ఆమె పేరు 'నీలం'. ఏడాదిగా తప్పుడు మ్యాపులు ఇస్తూ నమ్మించింది. ఇంతవరకు ఎవరూ చూడని వాళ్ళ బాస్, 'మాస్టర్' అంటారు, రేపు జుమ్మా నమాజు వేళ రువైస్ రేవుకి పడవలో వస్తున్నాడు. ఆమెని కలవడానికి."

"మన సిగ్నల్?"

"ఆమె చేతి గాజులో ట్రాన్స్‌మిటర్ ఉంది. నొక్కితే మూడు నిమిషాల్లో కోస్ట్ గార్డ్ బోటు వస్తుంది. ప్రమాదం అనిపిస్తే 'ఇంట్లో గ్యాస్ కట్టేశామా' అంటుంది. అదే కోడ్. వెంటనే నితీష్ ఆమెని వెనక్కి తెస్తాడు. నీ పని డ్రైవింగ్. కారు దిగవు."

"ఆమె డబుల్ ఏజెంట్ అని వాళ్ళకి తెలిసిపోతే?"

ఆనందరావు కళ్ళజోడు తీశాడు. "మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లు ఆమె తలలో ఉన్నాయి. కాబట్టి చంపరు. పడవెక్కించి తీసుకెళ్తారు. ఆ పడవ వెళ్ళిపోతే ఇక ఆమె మనకి దొరకదు."

అమర్ కాలు ఊగడం ఆగింది.

"నీకు అసూయగా ఉందా?" అన్నాడు ఆనందరావు.

"లేదు సర్."

"రేపు అబద్ధం ఇంతకంటే బాగా చెప్పు."

*

అల్ వుకైర్ విల్లా ముందు పొద్దున్నే పజేరో ఆగింది. ముందు నితీష్ మెట్లు దిగి వచ్చాడు. తెల్ల స్వెటరు, నల్ల కళ్ళద్దాలు, వీధి చివరిదాకా కొట్టే సెంటు. వెనక మనోజ్ఞ. నీలం రంగు చీర, భుజం మీద శాలువా, చేతిలో నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. దాని మూతలో మైక్ ఉంది, ఆ సంగతి నితీష్‌కి చెప్పలేదు. మైక్ తాలూకు ఇయర్‌పీస్ అమర్ చెవిలో ఉంది. అంటే ఈ రోజంతా వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాల్లా మాట్లాడుకుంటుంటే అతను పొల్లు పోకుండా వినాలన్నమాట. ఇలాంటి డ్యూటీ పగవాడికి కూడా వద్దు.

నితీష్ ఆమె వీపు మీద చెయ్యి వేసి కారెక్కించాడు. వీధిలో ఎవరూ లేరు. ఎవరూ చూడని చోట నటన దేనికో అమర్‌కి అర్థం కాలేదు.

"యల్లా అమర్, పోనియ్. ఏసీ తగ్గించు, మేడమ్‌కి చలి."

మనోజ్ఞకి చలేమిటి? డిసెంబరులో ఫ్యాను ఫుల్లుగా పెట్టుకుని పడుకునే మనిషి. ఆ సంగతి తెలిసినవాడు ముందు సీట్లో ఉన్నాడు. అతను నోరు మూసుకుని ఏసీ తగ్గించాడు.

"చెయ్యి ఇలా ఇవ్వు మనూ. గాజుకి బ్యాటరీ కొత్తది వేశాను," అని నితీష్ ఆమె మణికట్టు పట్టుకుని గాజు తనే తొడిగాడు. మెల్లగా తొడిగాడు. అద్దంలో చూస్తున్న అమర్ రౌండెబౌట్ దగ్గర ఒక లారీని వెంట్రుకవాసిలో తప్పించాడు.

"జాగ్రత్తగా నడపవయ్యా," అన్నాడు నితీష్.

"ఏవండీ, కేకలేయకండి పాపం," అంది మనోజ్ఞ.

ఏవండీ! ఎనిమిదేళ్ళ కాపురంలో ఆమె అమర్‌ని ఒక్కసారి కూడా ఏవండీ అనలేదు. పెళ్ళిపీటల మీద కూడా అమర్ అనే పిలిచింది, పురోహితుడు దగ్గాడు. అప్పుడు గొప్పగా అనిపించింది. ఇప్పుడు నార్త్ రోడ్డు మీద గంటకి నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతూ ఆ మాట తనకి దక్కనందుకు కుళ్ళుకుంటున్నాడు.

దారిలో పెట్రోలు బంకు దగ్గర మనోజ్ఞ లోపలికి వెళ్ళింది. నితీష్ బయట నిలబడి సిగరెట్ వెలిగించాడు. డ్రైవర్లతో మనసు విప్పి మాట్లాడే అలవాటు కొందరికి ఉంటుంది. డ్రైవర్ మనిషి లెక్కలోకి రాడని వాళ్ళ ధీమా.

"పెళ్ళయిందా నీకు?"

"అయిందండి."

"ఎక్కడుంటుంది?"

"దూరంగానే ఉంటుందండి," అన్నాడు అమర్, గాజు తలుపు వెనక నీళ్ళ సీసా తీసుకుంటున్న నీలం చీరని చూస్తూ.

"పాపం. నా గతి చూడు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉన్నాం. గదికి లోపల గడియ పెట్టుకుంటుంది. కానీ ఈ మధ్య నవ్వుతోంది. నేను జోకు వేస్తే నవ్వుతోంది. ఇంకెన్నాళ్ళులే."

గడియ అన్న మాటకి అమర్ ప్రాణం లేచొచ్చింది. నవ్వు అన్న మాటకి మళ్ళీ ఉసూరుమంది. తన జోకులకి మనోజ్ఞ ఏనాడూ నవ్వలేదు. అతను గుడ్డ తీసుకుని కారు అద్దం తుడిచాడు. తుడిచిన చోటే చాలాసేపు తుడిచాడు.

*

రువైస్ చిన్న ఊరే. పెంకుల్లేని పొట్టి ఇళ్ళు, ఖాళీ వీధులు, చేపల బజారు ముందు రెండు పిల్లులు. చెక్కపడవలు రేవులో పక్కపక్కనే కట్టి ఉన్నాయి. నీటికి అవతల మడచెట్ల పచ్చదనం సన్నగా కనిపిస్తోంది. ఉత్తరపు గాలి ఒంట్లోకి చొచ్చుకొచ్చేంత చల్లగా ఉంది. ఇక్కడ చూడాల్సిందేమీ లేదు. చూడాల్సిందేమీ లేని చోట పక్కన మనిషిని చూడొచ్చని మనోజ్ఞ ఫోన్‌లో అంది. ఇప్పుడు ఆమె పక్కన నితీష్ కూర్చున్నాడు.

వాళ్ళని గట్టు మీద దింపి, అమర్ కారుని ఐసు షెడ్డు పక్కన ఆపాడు. షెడ్డులోంచి పోశన్న వచ్చాడు. నిర్మల్ దగ్గర పల్లెటూరి మనిషి. రేవులో పడవలకి ఐసు ఎత్తే పని చేస్తూ, విభాగానికి కన్నుగా పనికొస్తుంటాడు.

"పొద్దుగాల సంది ఒక ఫైబర్ పడవ ఆగి ఉన్నదన్నా," అన్నాడు పోశన్న గొంతు తగ్గించి. "గా జెట్టి కొసన. ఇద్దరున్నరు. చేపల కోసం వచ్చినోళ్ళు కాదు, వల లేదు, ఐసు అడగలే. మాస్టర్ అసుంటి పెద్దమనిషి ఎవ్వడూ కనవడలే."

"రేవులో మిగతావాళ్ళు?"

"అందరూ జుమ్మాకు పోతున్నరు. శుక్రవారం గీ టైమ్‌ల డ్యూటీ ఎప్పుడు నాదే. నమాజు అయ్యేదాక రేవు మొత్తానికి నేనొక్కన్నే."

పోశన్న లోపలికి వెళ్ళాడు. అమర్ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చూడ్డానికి మామూలు కళ్ళద్దాలే గానీ, పక్కన చిన్న చక్రం తిప్పితే రెండొందల గజాల అవతలి మనిషి ముక్కుపుడక కూడా కనిపిస్తుంది. శత్రువుల మీద వాడమని విభాగం ఇచ్చింది. అమర్ వాటిని సొంత భార్య మీదకి తిప్పాడు.

"ఏవండీ, కోడిగుడ్లు తినండి."

"ఉప్పు ఉందా మనూ?"

మనోజ్ఞ చిన్న స్టీలు డబ్బా తీసింది. నితీష్ డబ్బా కోసం చెయ్యి చాపాడు. ఆమె డబ్బా ఇవ్వలేదు. మూత తీసి, చిటికెడు ఉప్పు వేళ్ళతో తీసి, రెండో చేత్తో అతని చెయ్యి దగ్గరకి లాక్కుని, అరచేతిలో పెట్టింది. పెట్టి ఆ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచింది. తొందరపడలేదు. ముడుస్తున్నంతసేపూ అతని భుజం మీదుగా కారు వైపే చూసింది.

అమర్‌కి సర్వీసులో రెండుసార్లు తూటా తగిలింది. అప్పుడు కూడా ఇంత మండలేదు. ఆ చెయ్యి పట్టుకోవడమేమిటి? ఆ వేళ్ళు ముడవడమేమిటి? పైగా నేను చూస్తున్నానని తెలిసి, నన్ను చూస్తూ మరీ! అతని చెయ్యి కళ్ళద్దాలు తీసి సీటు మీద విసిరేయడానికి పైకి లేచింది. ఇక చూడదలుచుకోలేదు.

లేచిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

ఉప్పు.

మన ఇళ్ళల్లో ఉప్పు ఎవరూ చేతికివ్వరు. డబ్బా కింద పెడతారు, అవతలివాళ్ళు తీసుకుంటారు. చేతిలో చేతికిస్తే ఇద్దరి మధ్యా పగ పుడుతుందంటారు. పెళ్ళయిన కొత్తలో అమర్ అన్నం తింటూ ఉప్పు కోసం అరచెయ్యి చాపితే మనోజ్ఞ ఆ చేతి మీద ఒక్కటి వేసి, గిన్నె నేల మీద పెట్టి, నీతో నాకు పోట్లాట వద్దు బాబూ అంది. పిస్తోలు పేలుస్తుంది, దొంగ పాస్‌పోర్టు మీద సరిహద్దులు దాటుతుంది, ముహూర్తాలూ శకునాలూ నమ్మదు. ఉప్పు మాత్రం ఎనిమిదేళ్ళలో ఒక్కరి చేతిలో పెట్టి ఎరగదు. నితీష్ పేరుకి తెలుగువాడే గానీ పుట్టింది భిలాయిలో, పెరిగింది బోర్డింగ్ స్కూళ్ళలో. అతను ఆ ఉప్పు గుడ్డు మీద చల్లుకుని హాయిగా తింటున్నాడు.

వీడు నా శత్రువు. ఆమె చెప్తున్నది అదీ.

మరి గ్యాస్ కట్టేశామా అని ఎందుకు అనలేదు? అలా అన్నా ఆమెని కాపాడాల్సింది నితీషే. విభాగం కోడ్‌లన్నీ వాడికి తెలుసు. వాడికి తెలియని కోడ్ పుస్తకాల్లో దొరకదు, వంటింట్లో దొరుకుతుంది.

అంతలోనే అమర్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. నితీష్ దొంగ కావాలని పొద్దున్నుంచీ తన మనసు కోరుకుంటోంది. కోరుకున్నదే కనిపిస్తోందా? భార్య పరాయివాడి చేతిలో చిటికెడు ఉప్పు పెడితే దేశద్రోహం అంటగట్టే మొగుడిని ఏమంటారు? టైమ్ పదకొండూ ముప్పై ఎనిమిది. అతను ఫోన్ తీశాడు.

"సర్, నితీష్ వాళ్ళ మనిషి."

"ఆధారం?"

"ఉప్పు సర్."

అమర్ మూడు వాక్యాల్లో చెప్పాడు. ఆనందరావు తెనాలి మనిషి.

"డబ్బాతో ఇవ్వలేదా? వేళ్ళతో తీసి చేతిలోనే పెట్టిందా?"

"అవును సర్."

"అసూయకొద్దీ చెప్పడం లేదు కదా అమర్?"

"అసూయతోనే చూశాను సర్. చెప్పేది మాత్రం నిజం."

ఇంకో ఫోన్‌లో ఆనందరావు ఎవరితోనో మాట్లాడ్డం వినిపించింది. మళ్ళీ లైన్లోకి వచ్చేసరికి ఆయన గొంతు మారిపోయింది. "కోస్ట్ గార్డ్ బోటుని పొద్దున నితీషే పడమటి వైపు పంపించేశాడట, ప్లాన్ మారిందని చెప్పి. తిరిగి రావడానికి పది నిమిషాలు పడుతుంది. అమర్, కారు దిగు."

అప్పటికే అతను దిగేశాడు.

*

ఐసు షెడ్డులో పోశన్న గోనెసంచి మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"పోశన్నా, ఆ ఫైబర్ పడవ జెట్టి దాటకూడదు. ఎలా?"

పోశన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "మూలకు పాత వల ఉన్నది. వెనకంగ ఇంజన్ రెక్కలల్ల పడిందనుకో, పడవ అడుగు కదలది."

"ఖాయంగానా?"

"పోయిన నెల మా ముదీర్, గదే మేనేజర్ పడవకు నా చేతులల్లనే గట్లయింది. మాఫీ అడిగినా ఇనలే, వారం దినాలు తిట్టిండు," అంటూ వల భుజాన వేసుకున్నాడు. "గప్పుడు తిట్లు వడ్డ పని గిప్పుడు డ్యూటీ అయింది, చూసినవా."

చెవిలో నితీష్ గొంతు: "టైమైంది మనూ, పద."

వాళ్ళు జెట్టి వైపు నడుస్తున్నారు. మసీదు లౌడ్‌స్పీకర్‌లో ప్రసంగం మొదలైంది. రేవంతా ఖాళీ. మనోజ్ఞ క్యారియర్ వదల్లేదు, చేత్తో పట్టుకునే నడుస్తోంది. శాలువా మాత్రం సిమెంటు బల్ల మీద వదిలేసింది. మర్చిపోయిందో, కావాలనే వదిలిందో! అమర్ దాన్ని అందుకుని వెనకాలే నడిచాడు.

జెట్టి చివర పడవలోంచి ఎర్రజుట్టు మనిషి తలెత్తి ఇంగ్లీషులో అడిగాడు. "హమూర్ చేప దొరుకుతుందా?"

"ఈ రోజు షేరీ ఒక్కటే ఉంది," అంది మనోజ్ఞ. కోడ్ సరిపోయింది. "మాస్టర్ ఏరి?"

ఎర్రజుట్టువాడు నవ్వి నితీష్ వైపు చూశాడు. నితీష్ స్వెటరు కిందనుంచి సైలెన్సర్ ఉన్న పిస్తోలు తీశాడు.

"మాస్టర్ రాడు. మనమే ఆయన దగ్గరికి వెళ్తున్నాం. గాజు నొక్కి చూసుకో, పలకదు. ఏడాది వెయిట్ చేశాను మనూ. నాతో వచ్చేస్తే నీకే కష్టమూ ఉండదు. పదకొండు పేర్లు, అంతే."

"రాకపోతే?"

"ఆ పేర్లు చెప్పించడానికి వాళ్ళ దగ్గర వేరే మనుషులున్నారు. నేను వాళ్ళకంటే మంచివాడిని."

"అమ్మగారూ! శాలువా మర్చిపోయారండీ!"

నితీష్ ఉలిక్కిపడి పిస్తోలు శరీరానికి ఆనించి దాచుకున్నాడు. గాలికి ఎదురీదుతూ డ్రైవర్ పరుగెత్తుకొస్తున్నాడు.

"కారు దిగొద్దని నీకు చెప్పలేదా?"

"అమ్మగారికి చలని తమరే అన్నారు కదండీ," అంటూ అమర్ శాలువా విప్పాడు. విప్పినవాడు ఆమెకి కప్పలేదు. నితీష్ తల మీద విసిరాడు.

పిస్తోలు తుమ్మినట్టు చప్పుడు చేసింది. శాలువాకి కన్నం పడింది. మనోజ్ఞ నాలుగు గిన్నెల క్యారియర్ ఎత్తి నితీష్ మణికట్టు మీద బలం కొద్దీ దించింది. పిస్తోలు నీళ్ళలో పడింది, దాని వెనకే పులిహోర కూడా. అమర్ అతని మీద పడ్డాడు. పొద్దున్నుంచీ దాచుకున్నదంతా పిడికిలిలోకి వచ్చింది. వీపు మీద చెయ్యి వేసినందుకు ఒకటి, గాజు తొడిగినందుకు ఒకటి, మనూ అన్నందుకు రెండు.

ఆ రెండే ఎక్కువైపోయాయి. అతను కోపం తీర్చుకుంటున్న క్షణంలో ఎర్రజుట్టువాడు మనోజ్ఞని నడుం పట్టి పడవలోకి లాగేశాడు. రెండోవాడు ఇంజన్ స్టార్ట్ చేశాడు. పడవ జెట్టికి దూరమవుతోంది. ఒక గజం. రెండు గజాలు.

"అమర్!"

నితీష్‌ని పట్టుకోవాలా, వదలాలా అని అతను ఆలోచించలేదు. వదిలి దూకాడు. నడుం దాకా చల్లటి నీళ్ళు, చేతికి అందింది పడవ అంచు మాత్రమే. పడవ అతన్ని ఈడ్చుకుపోతోంది. పైన ఎర్రజుట్టువాడి చేతిలో ఇంజెక్షన్ మెరిసింది. మనోజ్ఞ తల వెనక్కి వంచి పట్టుకున్నాడు. సూది ఆమె మెడకి అంగుళం దూరంలో ఉంది.

ఇంజన్ దగ్గింది. మూలిగింది. పడవ ఎవరో తాడు పట్టి లాగినట్టు టక్కున ఆగిపోయింది.

ఎర్రజుట్టువాడు ముందుకి తూలాడు. మనోజ్ఞ ఆ చేతిని మెలితిప్పి, ఆ సూదినే అతని తొడలో దింపింది. అతను ఏదో అనబోయి, పూర్తిచేయకుండానే పడవ అడుగున నిద్రపోయాడు. రెండోవాడు రెక్కలకి చుట్టుకున్న వలని చూసి, దూరంగా నురగ చిమ్ముతూ వస్తున్న కోస్ట్ గార్డ్ బోటుని చూసి, ఎవరూ అడగకముందే చేతులెత్తాడు.

జెట్టి మీద నితీష్ లేచి పరుగెత్తబోయాడు. అతని ఎదురుగా ఐసు గడ్డలు లాగే ఇనప కొక్కెం పట్టుకుని పోశన్న నిలబడ్డాడు.

"ఖలాస్ సేటూ, ఆట అయిపోయింది. కూసో," అన్నాడు.

నితీష్ కూర్చున్నాడు. పడవలోంచి మనోజ్ఞ వంగి, నీళ్ళలో వేలాడుతున్న డ్రైవర్‌ని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగడం, లాగిన తర్వాత కూడా వదలకపోవడం అతను నోరు తెరుచుకుని చూశాడు.

"నువ్వు... అతను..." అన్నాడు.

"మా ఆయన," అంది మనోజ్ఞ.

*

అధికారులు వచ్చారు, ముగ్గురినీ తీసుకెళ్ళారు. ఇంజెక్షన్ మత్తు దిగాక ఎర్రజుట్టువాడు మాస్టర్ చిరునామా చెప్పేశాడు. అది వేరే దేశం, వేరేవాళ్ళ పని.

నమాజు అయి జనం రేవుకి తిరిగొచ్చేసరికి, సిమెంటు బల్ల మీద తడిసి ముద్దయిన డ్రైవరూ, నీలం చీర కట్టుకున్న అమ్మగారూ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. కన్నం పడిన శాలువా డ్రైవర్ ఒంటి మీద ఉంది. అతనికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఆ గాజు ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుంది," అంది మనోజ్ఞ. "ఇక్కడ కూర్చున్నాక చూస్తే చల్లగా ఉంది. బ్యాటరీ మార్చింది వాడు. అప్పుడు అర్థమైంది. పక్కనే గన్ను. నీతో ఒక్క మాట మాట్లాడే వీల్లేదు."

"నాకు వెంటనే అర్థమైపోయింది."

"అబద్ధం. నీ చెయ్యి కళ్ళద్దాల మీదకి వెళ్ళడం చూశాను."

అమర్ తల దించుకున్నాడు. "పది సెకన్లు," అన్నాడు. "పది సెకన్లు ఏడ్చాను."

ఆమె నవ్వలేదు. "ఆ పది సెకన్లూ నాకెంత భయం వేసిందో తెలుసా? గన్నుకి కాదు. నువ్వు తల తిప్పేసుకుంటావేమోనని. కుళ్ళుకున్న మనిషి మొహం తిప్పుకోవడం ఎంతసేపు? నువ్వు తిప్పుకుని ఉంటే నేనిప్పుడు ఆ పడవలో ఉండేదాన్ని."

అతను ఆమె చెయ్యి తీసుకుని శాలువా కింద పెట్టుకున్నాడు. చలికి కాదు, ఆ చెయ్యి అక్కడ ఉందని తెలియడానికి.

"వాడి జోకులకి నవ్వుతున్నావట," అన్నాడు. అడగకుండా ఉండలేకపోయాడు.

"నీ జోకులు గుర్తు చేసుకుని నవ్వేదాన్ని. వాడివి అర్థం కూడా అయ్యేవి కావు. ఇంకొకటి చెప్పనా? మీ గదిలో నలుగురూ కలిసి వండుకుంటారట, ఒకరి మీద ఒకరు పాటలు కడతారట, ఆనందరావుగారు చెప్పారు. నేనేమో ఆ పెద్ద విల్లాలో గడియ వేసుకుని ఒక్కదాన్నీ. నీ బెడ్‌స్పేస్ మీద నేనెంత కుళ్ళుకున్నానో నీకేం తెలుసు?"

గాలి ఇంకా చల్లబడింది. క్యారియర్‌లో అడుగు గిన్నె ఒక్కటే మిగిలింది, అందులో పెరుగన్నం. ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. చెక్కపడవలు, రెండు పిల్లులు, మడచెట్లు. చూడ్డానికి ఆ ఊళ్ళో నిజంగానే ఏమీ లేదు. సాయంత్రం దాకా కూర్చున్నారు.

*

ఆదివారం టైపింగ్ సెంటర్ వెనక గదిలో ఆనందరావు కొత్త ఫైలు తెరిచాడు.

"మనోజ్ఞకి మస్కట్. కొత్త పేరు, కొత్త ఉద్యోగం, అదే కుటుంబం కవర్. నువ్వూ వెళ్తున్నావు."

అమర్ నిటారుగా కూర్చున్నాడు. "భర్తగా కదా సర్?"

"డ్రైవర్‌గా."

"సర్, నేను ఆమెకి నిజంగానే భర్తని!"

"అదే ఇబ్బంది," అన్నాడు ఆనందరావు తాపీగా. "నాకూ ముప్పై ఏళ్ళ కాపురం ఉంది, అనుభవంతో చెప్తున్నాను. పక్కన కూర్చోబెడితే నువ్వు ఫోన్ చూసుకుంటావు. ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక ఇంకొకడిని పెడితే, ఆమె చిటికెన వేలు కదిలినా నీకు తెలుస్తుంది. విభాగానికి ఇంతకంటే మంచి నిఘా పరికరం ఎక్కడా దొరకదు."

అమర్ సాయం కోసం భార్య వైపు చూశాడు. మనోజ్ఞ గోడ మీద క్యాలెండర్‌ని మహా శ్రద్ధగా చదువుతోంది. పెదవులు బిగబట్టుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి.

అమర్ పళ్ళు కొరుక్కున్నాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"కొత్తతను ఎలా ఉంటాడు సర్?"

ఆనందరావు ఫోటో ఒకసారి చూసి, ఫైలు మూసేశాడు.

"నీకంటే పొడుగు."